దిగడం తెలియని గీత

కంప్యూటరు తెర మీద గీత పై అంచును తాకిన క్షణంలోనే కరెంటు పోయింది. వెలుగంతా మధ్యకు ముడుచుకుని ఒక తెల్లచుక్కగా మిగిలి, ఆ చుక్క కూడా పోవాలా వద్దా అన్నట్టు కాసేపు ఉండి ఆరిపోయింది. పైన పంకా నెమ్మదించింది. జవహర్ కీబోర్డు మీంచి చేతులు తీయలేదు. సూర్యాపేట బస్టాండు వెనక సందులో, ఆండాళమ్మగారి మేడమీది గదిలో, నాలుగు కంప్యూటర్లూ నాలుగు చెక్క కుర్చీలూ ఉన్న ఆ చిన్న సెంటర్‌కు సాయంత్రపు బ్యాచి వాళ్ళు ఇంకా రాలేదు. కరెంటు లేదని తెలిస్తే ఇక రారు కూడా. మిర్యాలగూడ బస్సు ఇంకా రాలేదు. ఆ బస్సులో అతని భార్య గౌరీబాయి ఉంటుంది, ఆమె ఒడిలో సాలి ఉంటుంది, ఆమె దగ్గర డాక్టరు చెప్పిన మాట ఉంటుంది. రెండేళ్ళు నిండబోతున్న కూతురు ఇంకా అడుగు వేయలేదు. వేస్తుందా లేదా అని అడగడానికి తల్లీబిడ్డా పొద్దున్నే వెళ్ళారు. ఆ మాట వచ్చేలోగా తనంతట తాను ఒక జవాబు తెలుసుకోవాలని అతను ఈ గీత గీయడానికి కూర్చున్నాడు. గీత జవాబు చెప్పింది. చెప్పి ఆరిపోయింది.

చీకటి తెరలో ఇప్పుడు అతని ముఖమే కనిపిస్తోంది. ఆ ముఖం వెనక, కళ్ళు మూసుకున్నా చెరగకుండా, ఆ మెట్లు. అడ్డంగా నెలలు, నిలువుగా పిల్లలు. ఏ బిడ్డ ఏ నెలలో తొలి అడుగు వేసిందో అక్కడ గీత ఒక మెట్టు ఎక్కుతుంది, తరువాతి బిడ్డ వచ్చేదాకా సమంగా సాగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. తొమ్మిదో నెల దాకా నేల మీద పాకుతూ వచ్చి, ఏడాది దగ్గర ఒక్కసారిగా లేచి, ఆ తరువాత ఆయాసపడుతున్నట్టు ఒక్కో మెట్టుకూ ఆగుతూ, ఏడాదిన్నర దాటాక చివరి మెట్టు ఎక్కి పై అంచును తాకింది. అక్కడి నుంచి అంతా చదును. సాలి వయసు ఆ చదునులో ఎక్కడో కుడివైపున ఉంది. అంటే నడవవలసిన వాళ్ళందరూ నడిచేశారు. నూటికి నూరు. అందులో తన కూతురు లేదు. కూతురికి ఇంకా చోటు ఎంత ఉందో చూద్దామని మొదలుపెట్టినవాడికి, చోటు లేదని తన ప్రోగ్రామే చెప్పింది.

కింద వంటింటి వాకిట్లో రోకలి పోటు మొదలైంది. ధడ్, మళ్ళీ కొంచెం ఎడం, ధడ్. ఈ వేళప్పుడు ఎవరు దంచుతున్నారు, ఏమి దంచుతున్నారు అనుకున్నాడు, అంతలోనే మరిచిపోయాడు, రోకలి మాత్రం అతని ఆలోచన కిందుగా తన పని తాను చేసుకుపోయింది. మొదటిసారి గీసినప్పుడు గీత తలకిందులుగా వచ్చింది. నవ్వు వచ్చిందా అప్పుడు? లేదు, ఒళ్ళు జలదరించింది. బొమ్మలు గీసిపెట్టే గ్రాఫిక్స్ లైబ్రరీకి సున్నా తెర పై ఎడమ మూలన ఉంటుంది. లెక్క పెరిగేకొద్దీ చుక్క కిందికి దిగుతుంది. ఆ సంగతి ఏడాదిగా ప్రతి బ్యాచికీ చెబుతున్నవాడే, తన బిడ్డ కోసం రాసుకున్నప్పుడు మరిచిపోయాడు. పిల్లలు ఒక్కొక్కరే నడక నేర్చుకుంటూ ఉంటే గీత ఒక్కో మెట్టే దిగుతూ నేలలోకి పోయింది, నడక వచ్చిన ప్రతి బిడ్డనూ ఎవరో చేయి పట్టి బావిలోకి దించుతున్నట్టు. తెర అడుగు అంచు ఎంతో కనుక్కుని అందులోంచి తీసివేస్తే సరిపోయింది. ఒక్క తీసివేతతో దిగడం ఎక్కడమైంది. అంత సులువుగా సరిదిద్దగలిగే భయాలు మనిషికి ఎన్ని ఉంటాయి?

ఆ లైబ్రరీలో గీత గీసే ఫంక్షన్ ఉంది, వృత్తానికి ఉంది, నిలువు పట్టీలకు ఉంది. ‘అప్పటికి ఎంతమంది’ అని అడిగితే గీసి చూపేది లేదు. అది తానే రాసుకున్నాడు: వయసులను చిన్న నుంచి పెద్దకు పేర్చడం, ఒక్కొక్కదాని దగ్గరా ఒక్కటి కలపడం, కలిపినదాన్ని మొత్తంతో భాగించడం. పదో తరగతిలో దీన్నే సంచిత పౌనఃపున్యం అని బట్టీ పట్టాడు, తండా నుంచి చిలుకూరు బడికి చేనుగట్ల మీదుగా నడుస్తూ, ఆ పదం నోరు తిరగక రాగం కట్టి పాడుకుంటూ. తరువాతి ఏళ్ళలో వేదాంత గ్రంథాల్లో సంచితం అన్న మాట ఎదురైనప్పుడు, పాత బడి స్నేహితుడు కాషాయం కట్టుకుని కనబడ్డట్టు అనిపించింది. పట్టీల బొమ్మలో ప్రతి నెలా ఒంటరిది, తన పొడుగు తనది. ఈ గీతలో ఏ నెలా ఒంటరిది కాదు; తనకు ముందు జరిగినదంతా మోస్తూ నిలబడుతుంది. ఒకసారి లెక్కలోకి వచ్చినది లెక్కలోంచి పోదు. ఈ గీతకు దిగడం తెలియదు. ఆగడం మాత్రం తెలుసు.

లెక్క కోసం ఆదివారాలు తిరిగాడు. పేటలో ఈ సందు, మిర్యాలగూడలో గౌరి అన్నగారి ఇల్లున్న మిల్లు కూలీల వాడ, చివరికి తన తండా. ఈ సందులో ఇల్లిల్లూ తిరగనవసరం లేకపోయింది, ఆండాళమ్మగారు ఉన్నారు గనుక. ఎవరి బిడ్డ అడుగు వేసినా ఆ ఇంట్లో అరిసెలు వండుతారు, బిడ్డ చేత వాటి మీద అడుగు వేయించి వీధంతా పంచుతారు, కాబట్టి ఆమెకు పిల్లల నడకలన్నీ నాలుక మీద గుర్తు. “సత్యనారాయణ మనవడా? పెళ్ళిళ్ళ నెలలో. పాకం ముదిరిపోయింది, నా పన్ను కదిలింది, మరిచిపోతానా! ఆ రంగయ్య కూతురుది మాడింది. పిల్ల మాత్రం లేడిపిల్లే.” తండాలో నెలల మాటే లేదు. కాలువకు నీళ్ళిడిసినప్పుడు అన్నారు కొందరు. మిరప తెంపులప్పుడు అన్నారు కొందరు. మేనత్త మోతీబాయి, “నాటుకు పోయినప్పుడు గట్టు మీద పండుకోబెట్టిన, కోతకు పోయినప్పుడు ఎంబడి ఉరికిండు, నడుమ ఎన్నడు నడిసిండో నేను సూడలే బిడ్డా” అని పకపకా నవ్వింది. ఆ నాటును ఒక నెలగా, ఆ కోతను ఒక నెలగా మార్చి, నడిమిని రెండుగా పంచి రాసుకున్నాడు. పుట్టిన నెలలకూ ఇలాంటి గుర్తులే. అందుకే గీతలో అక్కడక్కడా ఒకే చోట నాలుగైదు మెట్లు ఒక్కసారిగా లేచాయి: కాలువ నీళ్ళు వచ్చిన రోజున పిల్లలందరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని లేచి నడిచినట్టు.

పొద్దున గౌరి బయలుదేరేటప్పుడు తానూ చొక్కా వేసుకున్నాడు. ఆమె సాలిని చంకన వేసుకుని గుమ్మంలో అడ్డం నిలబడింది.

“నువ్వు రాకు. నువ్వొస్తే డాక్టర్ సాబ్‌కే పరీక్ష పెడతవ్.”

“నేనేం పెట్టిన?”

“పోయినసారి ఏమడిగినవ్? గిట్లాంటోల్లు నూటికి ఎంతమంది నడుస్తరు అంటివి. ఆయన మొఖం సూసినవా? నాకున్నది నూరుమంది గాదు, ఒక్కతే. ఒక్కదాని సంగతి నేనడిగొస్త.”

సాలి అతని చొక్కా గుండీ పట్టుకుని వదలలేదు. ఒక్కొక్క వేలే విడదీయవలసి వచ్చింది. ఆ చేతుల్లో ఎంత బలం! చేతుల్లో ఉన్న బలం నడుము దగ్గరికి వచ్చి, అక్కడ దారి తప్పిపోయినట్టు, కాళ్ళలోకి దిగదు. నిలబెడితే మోకాళ్ళు మెత్తగా మడత పడతాయి, తడిసిన కాగితంలా, ఆమె దానికి బాధపడదు కూడా, కూలబడి చప్పట్లు కొడుతుంది, ఏదో ఆట ముగిసినట్టు. బాధ చూసేవాళ్ళదే. బాధ ఎప్పుడూ పోల్చేవాళ్ళదేనా? వీధిలో ఇంకే బిడ్డా నడవని ఒక లోకంలో సాలి వెనకబడి ఉండేదా?

రోకలి ఆగింది. ఆ ఆగడంతోనే అది ఇంతసేపూ ఉన్నదని తెలిసింది. తడిబియ్యప్పిండి వాసన, దాని వెనకే, పొయ్యి మీద బెల్లం కరుగుతున్న వాసన మెట్ల మీదుగా వచ్చింది. అతను ఉలిక్కిపడి లేచాడు. ఆ వాసనకు ఈ సందులో ఒక్కటే అర్థం. మెట్లు దిగాడు. వాకిట్లో ఆండాళమ్మగారు చీరచెంగు నడుముకు దోపి, రోట్లోంచి పిండి చేటలోకి ఎత్తుతున్నారు.

“ఎవరింట్ల పెద్దమ్మా?” అన్నాడు.

“ఎవరింట్లో ఏంటి, మనింట్లోనే. కరెంటు పోయి మర ఆగిపోయింది. రాత్రే నానబోసుకున్న బియ్యం, పులియబెట్టమంటావా?”

“ఏం కబురొస్తదో తెల్వకుండనే...”

“కబురుని బట్టి పాకం పడతామా నాయనా? పిల్ల పొద్దుననగా వెళ్ళింది. సూదో మందో, ఏడ్చి వస్తుంది. ఇంటికొచ్చేసరికి తీపి ఉండొద్దూ?”

“అరిసెలు నడిచినంకనే గద చేస్తరు.”

ఆమె చేట దించి అతని వంక చూశారు. “అవునయ్యా, మాకు తెలియదు పాపం. నువ్వు పైకి పోయి కంప్యూటర్లో చూసి చెప్పు. ఈలోగా ఆ జల్లెడ ఇటందుకో.”

జల్లెడ అందించి, నవ్వలేక, కోప్పడలేక పైకి వచ్చేశాడు. ఆమె కోదాడ మనిషి, మాటలోనే సగం కృష్ణ అవతలి ఒరవడి. పదేళ్ళుగా ఈ వీధిలో బిడ్డ బోర్లా పడితే ఒక వంట, పాకితే ఒక వంట, గడప దాటితే గారెలు, అడుగు వేస్తే అరిసెలు అని ఆమె చెప్పిన వరసే వరస. సాలి బోర్లా పడిందీ పాకిందీ ఆలస్యంగానే, అయినా ఆ వంటలు ఆమె పట్టింపుగా చేశారు. అరిసెల దగ్గర వరస ఆగింది. ఈ రోజు ఆమె ఆగనక్కరలేదనుకున్నారు. ఆశ పెట్టుకోవడం ఎంత సులువు ఆమెకు, బియ్యం నానబోసినంత సులువు. తనకో? తాను మెట్లు లెక్కపెట్టాడు, అందరినీ అడిగాడు.

అందరినీ. ఆ మాట దగ్గర మనసు కాలు తట్టుకుంది.

తండాలో లెక్క కోసం తిరిగిన మధ్యాహ్నం మళ్ళీ మనసులోకి వచ్చింది, ఇంతకుముందు వచ్చినప్పుడు తాను తల తిప్పుకున్న వైపు నుంచి. చాందీ ఇంటి ముందు నుంచి అతను నడుచుకుంటూ పోయాడు. చాందీ వరసకు అక్క. ఆమె కూతురు పుష్ప గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది, పదేళ్ళు దాటిన పిల్ల, జడకు ఎర్ర రిబ్బను, గోనె కింద దాచిన కాళ్ళు. ఆ పిల్ల ఎన్నడూ నడవలేదు. చాందీ లోపలి నుంచే కేక వేసింది.

“ఏం జవహరూ, ఇల్లిల్లూ తిరుగుతున్నవ్, మా గడప కనబడతలేదా?”

“అట్ల గాదక్కా. పిల్లలకు నడక ఎప్పుడొచ్చిందో అడుగుతున్న...”

“రానోల్లను అడగవా మరి?”

ఆమె ఎత్తిపొడవలేదు. నిజంగానే అడిగింది, బండి ఎక్కడానికి టికెట్ ఎక్కడ ఇస్తారు అని అడిగినట్టు. పుష్ప తలెత్తి నవ్వి, ఒక పుల్లని చింతకాయ అతనికి విసిరింది. పట్టుకున్నాడు. “మల్ల వస్త అక్కా,” అన్నాడు. వచ్చేశాడు. నోట్లో ఆ పులుపు చిలుకూరు దాకా ఉంది.

చీకటి తెర ముందు కూర్చుని అతను ఇప్పుడు ఆ ప్రశ్నను మొదటిసారి విన్నాడు. నడిచినవాళ్ళను మాత్రమే అడిగితే గీత పై అంచును తాకక ఏం చేస్తుంది? తాకేలాగే తాను ఏరుకున్నాడు. ప్రోగ్రాముకు మొత్తం ఎంత అని వేరే చెప్పలేదు; ఎన్ని వయసులు చదివితే అంతే మొత్తం అని రాశాడు. వయసు లేనివాళ్ళు, అంటే ఇంకా నడవనివాళ్ళు, ఆ మొత్తానికి పుట్టనేలేదు. పుష్ప లేదు. సాలి కూడా లేదు. తన కూతురికి చోటు లేదని గీత చెప్పిందనుకుని కుమిలిపోయాడే, చోటు పెట్టనిది తానే. ఎవరు లెక్కలో ఉంటారో ముందే తేల్చుకుని, ఆ తరువాత లెక్కను సత్యమని పిలవడం: ఎన్ని గ్రంథాలు చదివాడు ఇందులోంచి బయటపడటానికి! నూటికి నూరు అన్నప్పుడు ఆ నూరు ఎక్కడి నుంచి వచ్చిందని అడగడమే కదా వాటన్నిటి సారం. గడప లోపలి నుంచి చాందీ అడిగింది అదే. గుమ్మంలో నిలబడి గౌరి చెప్పిందీ దాదాపు అదే.

ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. పంకా కదిలింది. కంప్యూటరు ఫ్లాపీని గరగరలాడిస్తూ మేలుకుంటున్నంతసేపూ అతని చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. ప్రోగ్రాము తెరిచాడు. ఇంకా నడవని బిడ్డ వయసు దగ్గర ఏమి రాయాలి? సున్నా రాస్తే పుట్టగానే నడిచినట్టు. ఏదో పెద్ద అంకె రాస్తే అది జోస్యం, అంత హక్కు తనకు లేదు. వయసుల వరసను ముట్టుకోలేదు. భాగించే చోట, మొత్తం అన్న మాట పక్కన, ప్లస్ రెండు అని చేర్చాడు, సాలికొకటి, పుష్పకొకటి. అంతే. అడ్డంగా నెలలు ఆగే హద్దును కూడా తీసేసి, తెర ఎంతదాకా ఉంటే అంతదాకా అని రాశాడు. నడిపించాడు.

గీత మళ్ళీ నేల మీంచి బయలుదేరింది. అవే మెట్లు, కాలువ నీళ్ళప్పుడు లేచిన గుంపు, సత్యనారాయణ మనవడు, మోతీబాయి చూడకుండానే నడిచిన కొడుకు. అయితే ప్రతి మెట్టూ ఇందాకటికన్నా పిసరంత పొట్టిది. ముగ్గురి సీటులో నాలుగో మనిషి కూర్చోవడానికి వస్తే ఎవరూ లేవకుండానే అందరూ తలా కొంచెం ఒదిగినట్టు, పిల్లలందరూ కాస్త కాస్త కిందికి జరిగారు. గీత చివరి మెట్టు ఎక్కింది. పై అంచును తాకలేదు. దానికీ అంచుకూ నడుమ సన్నని నల్లని ఖాళీ, రెండు మెట్ల ఎత్తు. ఆ ఖాళీ కిందుగా గీత చదునుగా కుడివైపుకు సాగింది. ఆ ఖాళీ తనకేమీ హామీ ఇవ్వడం లేదని అతనికి తెలుసు. అయినా చాలాసేపు దాన్నే చూశాడు, పరాయి ఊళ్ళో వెలిగించి ఉంచిన ఒక గది కిటికీని చూసినట్టు.

బస్సు హారన్ వినిపించింది. బస్టాండుకు పరుగెత్తాలనుకున్నాడు, కాళ్ళు లేవలేదు, వాటికీ సాలి కాళ్ళ సంగతి తెలిసినట్టు. మెట్ల మీద గౌరి చెప్పుల చప్పుడు. తల మీద తవుడు పొడి, మొహం మీద చెమట, చంకలో సాలి, సాలి చేతిలో ఎవరో ప్రయాణికుడు ఇచ్చిన బఠాణీల పొట్లం.

“మిర్యాలగూడల వడ్ల లారీలు రోడ్డుకడ్డం పెట్టుకున్నరు. గంట గాడనే,” అని, కుర్చీలో కూలబడి, అతని ముఖం చూసి, “అడగవేంది?” అంది.

“ఏమన్నడు?”

“నడుస్తదనలే. నడవదనలే. ఇప్పుడే చెప్పలేనమ్మా అన్నడు. సార్, ఇన్ని దవాఖానలు తిరిగిన, చెప్పలేనని చెప్పింది నువ్వొక్కనివే అన్న. నవ్విండు.” సంచిలోంచి బట్ట చుట్టిన చెక్క పట్టీలు తీసింది. “ఇవి మోకాళ్ళకు కట్టి పొద్దు మాపు నిలబెట్టాలంట. కాలు బలం పట్టాలె, గంతే, మిగతది దానిష్టం అన్నడు. నడుమ ఒక్క పూట గూడ మానొద్దంట.”

“సరే.”

“ఇంకోటి. గిట్లాంటి పిల్లలు మీ దిక్కు ఇంకెవరన్న ఉన్నరా అని అడిగిండు. మా చాందక్క బిడ్డ ఉన్నది, పెద్దది, ఎవ్వలూ సూపెట్టలే అన్న. తోల్కరా అన్నడు. ఆదివారం నువ్వు తండకు పోయి చెప్పిరా.”

అతను తలూపాడు. తెర మీద ఖాళీ రెండు మెట్ల ఎత్తున అలాగే ఉంది; ఆమె దాన్ని చూడలేదు, చూడనక్కరలేకుండానే మిర్యాలగూడలో ఆ రెండో చోటు ఆమె పెట్టి వచ్చింది.

గౌరి నేల మీద కూర్చుని, డాక్టరు చూపించినట్టు, ఒక్కో కాలికీ పట్టీ ఆనించి పాత చీరపేలికతో చుట్టింది. చెక్క కుర్చీ దగ్గర నిలబెట్టింది. సాలి కుర్చీ చేయి రెండు చేతులా పట్టుకుంది. మోకాళ్ళు మడత పడలేదు. తన ఎత్తును తానే మొదటిసారి చూసుకుంటున్నట్టు సాలి కిందికి చూసింది, తరువాత చుట్టూ చూసింది, చప్పట్లు కొట్టాలనుకుని, చేతులు ఖాళీ లేవని తెలిసి, నోటితో కేక పెట్టింది.

ఆ కేకకు ఆండాళమ్మగారు ఆయాసపడుతూ పైకి వచ్చారు, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో నూనె పిండిన వేడి అరిసెలు. గుమ్మంలో ఆగిపోయారు. “నిలబడిందే!”

“నిలబడ్డది పెద్దమ్మా. నడవలే,” అన్నాడు జవహర్.

“కనబడుతోందిలే, నాకు కళ్ళున్నాయి.” ఆమె పళ్ళెం వంకా పిల్ల వంకా చూశారు. “నిలబడితే ఏం వండాలో మా అత్తగారు చెప్పలేదమ్మా గౌరీ. పాకడం చెప్పింది, గడప చెప్పింది, ఇది చెప్పలేదు.”

“ఆమెకు యాదికి రాలేదేమో. ఇగ ఇవే అనుకో,” అంది గౌరి. “నాలుగు తీసి పక్కన పెట్టు, ఆదివారం చాందక్క బిడ్డకు పంపాలె.”

ఆండాళమ్మగారు వంగి పళ్ళెం చాచారు. సాలి అరిసె వంక చూసింది. ఒక చేయి కుర్చీని వదిలింది. ఆ చేయి గాలిలో కొంచెం తడబడి, అరిసెను అందుకుని, నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఒక్క చేతి ఆసరాతో, అటూ ఇటూ ఊగకుండా, బెల్లం పెదవికి అంటించుకుంటూ, సాలి తింటూ నిలబడింది. అడుగు వేయలేదు. ఆమె వెనక తెర మీద గీత చివరి మెట్టు నుంచి చదునుగా సాగి కుడి అంచు దాకా వెళ్ళి, తెర అక్కడితో అయిపోయినందువల్ల మాత్రమే ఆగి ఉంది.